ఏ బ్రౌజర్ అయినా ఒకటేనా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు బ్రౌజర్ల గురించే. క్రోమ్‌ను అమ్మేస్తారట నిజమేనా అని కొందరు, ఏఐ బ్రౌజర్ దింపుకోమంటారా అని ఇంకొందరు అడిగారు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు ఉంచి, ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: క్రోమ్ ఉచితంగానే దొరుకుతుంది కదా. ఉచితంగా ఇచ్చే దాని కోసం ఇంత పెద్ద కంపెనీలు కోర్టుల దాకా ఎందుకు వెళ్తున్నాయి? బ్రౌజర్ వల్ల వాళ్లకు వచ్చే లాభం ఏమిటి?
— రిటైర్డ్ లెక్కల మాస్టారు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీరు లెక్కల మనిషి కాబట్టి అంకెలతోనే మొదలుపెడతాను. 2021 ఒక్క ఏడాదిలో గూగుల్ వేరే కంపెనీలకు 2,630 కోట్ల డాలర్లు కట్టింది. ఫోన్ కొనగానే, బ్రౌజర్ తెరవగానే వెతికే గడిలో గూగులే ఉండాలి, అందుకు కట్టిన డబ్బు అది. 2022లో ఆపిల్ ఒక్కదానికే 2,000 కోట్ల డాలర్లు ముట్టాయి. ఇవన్నీ అమెరికా ప్రభుత్వం గూగుల్ మీద వేసిన కేసులో, విచారణ జరుగుతుండగా బయటికొచ్చిన లెక్కలు.

మీరు బ్రౌజర్ పైన ఉండే గడిలో 'మోకాళ్ల నొప్పి డాక్టర్ తెనాలి' అని కొట్టారనుకోండి, ఆ మాట ఏ సెర్చ్ ఇంజిన్‌కి వెళ్లాలో నిర్ణయించేది బ్రౌజరే. వెళ్లాక వచ్చే ఫలితాల పైన ప్రకటనలు ఉంటాయి, గూగుల్ ఆదాయంలో సగానికి పైగా ఆ సెర్చ్ ప్రకటనల నుంచే వస్తుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి సెర్చ్ ఇంజిన్ మార్చుకోవచ్చు, ఎవరూ ఆపరు, కానీ మార్చుకునేవాళ్లు చాలా తక్కువ. ముందుగా ఏది పెట్టి ఇస్తే అదే వాడతాం. ఆ అలవాటు విలువే ఆ 2,630 కోట్లు. ఎదుటివాళ్ల బ్రౌజర్లలో చోటు కోసం ఏటా డబ్బు కట్టేకన్నా సొంత బ్రౌజర్ ఉంటే ఎంత నయమో ఆలోచించండి, క్రోమ్‌ను ఉచితంగా ఇవ్వడం వెనక ఉన్న లెక్క అదే. ఇప్పుడు ప్రపంచంలో దాదాపు మూడింట రెండొంతుల మంది వాడేది క్రోమే.

ఆ కేసు 2020 అక్టోబర్‌లో వేశారు. మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ అధిపతిగా 2023 అక్టోబర్‌లో సాక్ష్యం చెప్పారు. పొద్దున లేస్తాం, పళ్లు తోముకుంటాం, గూగుల్‌లో వెతుకుతాం, ఇంతగా నాటుకుపోయిన అలవాటును మార్చాలంటే ముందుగా పెట్టి ఇచ్చే సెర్చ్‌ను మార్చడం ఒక్కటే దారి అన్నది ఆయన వాదన. గుజరాత్‌లోని పాటన్‌లో పుట్టిన జడ్జి అమిత్ మెహతా 2024 ఆగస్టు 5న, సెర్చ్‌లో గూగుల్ తన గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా కాపాడుకుంటోందని తేల్చారు. అయితే శిక్షగా క్రోమ్‌ను అమ్మించండి అని ప్రభుత్వం అడిగింది. దాని మీద 2025 ఆగస్టులో పర్‌ప్లెక్సిటీ అనే ఏఐ కంపెనీ, గూగుల్ అమ్ముతానని చెప్పకముందే, 3,450 కోట్ల డాలర్లకు కొంటాం అని ముందుకొచ్చింది. అప్పటికి ఆ కంపెనీ విలువ కూడా అంత లేదు.

చివరికి అమ్మనక్కర్లేదని జడ్జి 2025 సెప్టెంబర్ 2న చెప్పారు. క్రోమ్ మొదటిసారి విడుదలైంది కూడా 2008లో అదే తేదీన. ఇకమీదట 'మా సెర్చ్ తప్ప వేరేది పెట్టకూడదు' అనే ఒప్పందాలు చేసుకోకూడదు, కొంత సెర్చ్ సమాచారాన్ని పోటీ కంపెనీలకు ఇవ్వాలి అన్నారు. డబ్బు కట్టడాన్ని మాత్రం ఆపలేదు. నాకైతే ఇది సగం తీర్పుగానే అనిపించింది, ఎందుకంటే ఎక్కువ డబ్బున్నవాడికే ముందు చోటు దొరికే పద్ధతి అలాగే ఉండిపోయింది. కానీ ఇందులో ఒక చిక్కుంది. ఫైర్‌ఫాక్స్‌ను నడిపే మొజిల్లా ఆదాయంలో ఎక్కువ భాగం గూగుల్ కట్టే ఆ డబ్బే. అది ఒక్కసారిగా ఆగిపోతే ముందు కుంగిపోయేది గూగుల్ కాదు, ఫైర్‌ఫాక్సే. జడ్జి కూడా ఈ సంగతి లెక్కలోకి తీసుకున్నారు.

మన దేశంలోనూ పెద్ద తీర్పే వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో తన యాప్‌లన్నీ కట్టగట్టి పెట్టిస్తున్నందుకు కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ తర్వాతే ఇక్కడ అమ్మే కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో సెర్చ్ ఇంజిన్ ఎంచుకునే వీలు ఇస్తామని గూగుల్ ప్రకటించింది. కొత్త ఫోన్ కొన్నప్పుడు ఆ స్క్రీన్ వస్తే గబగబా దాటేయకండి, ఒక నిమిషం చూసి ఎంచుకోండి.

ప్రశ్న: ఒక సైట్‌లో గద్వాల చీర చూశాను, కొనలేదు. ఆ రోజు నుంచి వంటల సైట్ తెరిచినా, పేపర్ చదువుతున్నా అదే చీర కనిపిస్తోంది. ఫోన్ నా మాటలు వింటోందా? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: అమ్మా, దీనికి మీ మాటలు వినాల్సిన పని లేదు. కుకీలు చాలు. కుకీ అంటే మీరు వెళ్లిన సైట్ మీ బ్రౌజర్‌లో దాచిపెట్టే చిన్న గుర్తు. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో లూ మొంటుల్లి అనే ఇంజనీరు దీన్ని తయారుచేశారు, ఉద్దేశం మంచిదే, మీరు సంచిలో వేసుకున్న వస్తువులు పేజీ మారినా గుర్తుండాలని. కానీ ఆ చీరల సైట్‌లోనూ, వంటల సైట్‌లోనూ, పేపర్ సైట్‌లోనూ ప్రకటనలు వేసేది ఒకే కంపెనీ అయినప్పుడు, ఆ కంపెనీ తన కుకీని అన్నిచోట్లా చదువుకుని 'ఈవిడే ఆ చీర చూసినావిడ' అని గుర్తుపడుతుంది. వీటినే థర్డ్ పార్టీ కుకీలు అంటారు.

ఈ విషయంలో కంపెనీల మధ్య తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఆపిల్ సఫారీ 2020 మార్చిలోనే వీటిని పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022లో ఏ సైట్ కుకీలను ఆ సైట్ డబ్బాలోనే ఉంచే పద్ధతి అందరికీ తెచ్చింది, కాబట్టి చీరల సైట్‌లో పెట్టిన గుర్తు వంటల సైట్‌లో పనికిరాదు. గూగుల్ కూడా రెండేళ్లలో తీసేస్తామని 2020 జనవరిలో చెప్పింది. తర్వాత గడువు పొడిగించింది, మళ్లీ పొడిగించింది, 2024 జులైలో తీసేయడం లేదంది, 2025 ఏప్రిల్‌లో దీని గురించి ప్రత్యేకంగా అడిగే స్క్రీన్ కూడా పెట్టబోమని చెప్పేసింది. ఆపిల్‌కు, మొజిల్లాకు ప్రకటనలు అమ్ముకోవడం ముఖ్యమైన వ్యాపారం కాదు, గూగుల్‌కు అదే ప్రాణం. ఎవరు ఏ ఫీచర్ ఇస్తారు, ఏది ఇవ్వరు అన్నది ఇలా వాళ్ల సంపాదన ఎక్కడి నుంచి అన్నదాన్ని బట్టే ఉంటుంది.

మీరు చేయాల్సింది చాలా తేలిక. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ అని ఉంటుంది, అందులో థర్డ్ పార్టీ కుకీలను ఆపే ఆప్షన్ ఉంది, అది ఆన్ చేయండి. ఆ చీర ఇక వెంటపడటం చాలావరకు తగ్గుతుంది. షాపింగ్ యాప్‌లలో లాగిన్ అయి చూసినవి మాత్రం ఆ కంపెనీ దగ్గర ఉంటాయి, వాటి సంగతి ఆ యాప్‌లోనే చూసుకోవాలి.

ప్రశ్న: మా సార్ క్లాసులో నెట్‌స్కేప్‌ను మైక్రోసాఫ్ట్ చంపేసిందని చెప్పారు. అసలు ఏం జరిగింది? మేం పుట్టకముందు కథతో ఇప్పుడు మాకేం పని?
— బీఎస్సీ విద్యార్థి, నల్గొండ

జవాబు: పని ఉంది, చదివితే నీకే తెలుస్తుంది. 1993లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బీనా మొజాయిక్ అనే బ్రౌజర్ రాశారు. బొమ్మలూ అక్షరాలూ ఒకే పేజీలో చూపించిన దాన్ని జనం ఎగబడి వాడారు. మరుసటి ఏడాది ఆండ్రీసెన్, జిమ్ క్లార్క్‌తో కలిసి పెట్టిన కంపెనీయే నెట్‌స్కేప్. 1995 ఆగస్టు 9న షేర్ 28 డాలర్లకు అమ్మకానికి పెడితే సాయంత్రానికి 58 దాటింది, అప్పటికి కంపెనీకి లాభాలు లేవు. అదే నెలలో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను తెచ్చింది, అది కూడా మొజాయిక్ వంశంలోని కోడ్‌ను లైసెన్స్ తీసుకుని కట్టిందే. నెట్‌స్కేప్ వ్యాపార సంస్థల దగ్గర డబ్బు తీసుకునేది, మైక్రోసాఫ్ట్ తనది ఉచితంగా ఇచ్చి విండోస్‌తో కలిపేసింది. కంప్యూటర్ కొంటే బ్రౌజర్ దానిలోనే ఉంటే ఇంకోటి ఎవరు దింపుకుంటారు, అందులోనూ ఫోన్ లైన్ మీద నెట్ నడిచే ఆ రోజుల్లో?

1998 మేలో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద కేసు వేసింది. కంపెనీని రెండు ముక్కలు చేయమని 2000లో ఒక జడ్జి ఆదేశించారు, 2001లో పైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. గెలుపోటములు తేలేలోపే నెట్‌స్కేప్ ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ చేతికి వెళ్లిపోయింది.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదువు. 2001 ఆగస్టులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది. అప్పటికి నూటికి తొంభై మంది దాకా వాడేది అదే. మరి 7 ఎప్పుడు వచ్చింది? 2006 అక్టోబర్‌లో. మధ్యలో అయిదేళ్లు కొత్త వెర్షన్ లేదు, పాప్-అప్‌లు వరదలా వచ్చేవి, వైరస్‌లు అదే దారిలో దూరేవి, ట్యాబ్‌లు లేవు. పోటీ లేకపోతే గెలిచినవాడు కూర్చుండిపోతాడు. నెట్‌స్కేప్ చివరి రోజుల్లో తన కోడ్‌ను అందరికీ తెరిచి ఇచ్చింది, అందులోంచి మొజిల్లా, దాంట్లోంచి 2004 నవంబర్ 9న ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చాయి. ట్యాబ్‌లు, పాప్-అప్‌ల అడ్డుకట్ట దాంతో వచ్చాయి (ట్యాబ్‌లు ఒపేరాలో అంతకుముందే ఉన్నాయి, ఒపేరాకు దక్కాల్సిన పేరు ఎప్పుడూ దక్కలేదని నా బాధ). అప్పుడు గానీ మైక్రోసాఫ్ట్ కదల్లేదు. 2008లో సుందర్ పిచాయ్ నాయకత్వంలో క్రోమ్ వచ్చి, ఒక్కో ట్యాబ్‌ను విడి ప్రాసెస్‌గా నడిపింది కాబట్టి ఒకటి పడిపోయినా మిగతావి నిలబడ్డాయి. వెబ్ పేజీలను పనిచేయించే జావాస్క్రిప్ట్ భాష వేగం కూడా బాగా పెరిగింది. నిజాయితీగా గెలిచిన గెలుపే అది.

కానీ ఇప్పుడు చూడు. ఎడ్జ్, ఒపేరా, బ్రేవ్, వివాల్డి, శాంసంగ్ ఇంటర్నెట్, కొత్తగా వచ్చిన ఏఐ బ్రౌజర్లు కామెట్, అట్లాస్, అన్నింటి లోపలా ఉన్నది గూగుల్ పెంచిన క్రోమియమే, అంటే క్రోమ్‌కు పునాది అయిన కోడే. మైక్రోసాఫ్ట్ అంతటిది కూడా సొంత ఇంజిన్ (పేజీని గీసి చూపించే లోపలి భాగం) మానేసి 2020 జనవరి నుంచి దీనిమీదే ఎడ్జ్ నడుపుతోంది. 'ఈ సైట్ క్రోమ్‌లో బాగా కనిపిస్తుంది' అని రాసే సైట్లు మళ్లీ కనిపిస్తున్నాయి, 2003లో 'ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చూడండి' అని రాసినట్టే. నువ్వు ప్రాజెక్ట్ చేసేటప్పుడు ఫైర్‌ఫాక్స్‌లోనూ, దొరికితే సఫారీలోనూ తెరిచి చూడు. మీ తరం డెవలపర్లు ఈ ఒక్క పని చేసినా పెద్ద మేలు.

ప్రశ్న: ఇన్‌కాగ్నిటోలో చూస్తే ఎవరికీ తెలియదు కదా సార్?
— ఇంటర్ విద్యార్థి, పేరు ఊరు వద్దు

జవాబు: తెలుస్తుంది. మీ కంప్యూటర్‌లో హిస్టరీ మిగలదు, విండో మూయగానే కుకీలు పోతాయి, అంతవరకే దాని పని. మీ కాలేజీ వై-ఫై నడిపేవాళ్లకు, నెట్ ఇచ్చే కంపెనీకి మీరు ఏ సైట్‌కి వెళ్లారో కనిపిస్తుంది, ఆ సైట్‌కి మీ ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్‌కి ఉండే నంబర్) కనిపిస్తుంది, లాగిన్ అయితే ఇక చెప్పనక్కర్లేదు. ఇన్‌కాగ్నిటోలో ఉన్నప్పుడు కూడా సమాచారం సేకరిస్తున్నారని గూగుల్ మీద 2020లో కాలిఫోర్నియాలో కేసు పడింది. 2024లో రాజీ కుదిరి, పాత రికార్డులు చెరిపేయడానికి, ఇన్‌కాగ్నిటో తెరిచినప్పుడు కనిపించే నోటీసును ఇంకా స్పష్టంగా రాయడానికి ఒప్పుకున్నారు. ఆ నోటీసు నాలుగు లైన్లే, చదవండి. వేరేవాళ్ల కంప్యూటర్‌లో మీ మెయిల్ చూసుకోవాల్సి వస్తే మాత్రం ఇన్‌కాగ్నిటో తప్పకుండా వాడండి, అందుకు అది మంచి సాధనం.

ప్రశ్న: క్రోమ్‌లో ఏళ్ల తరబడి వాడుతున్న యాడ్-బ్లాకర్ ఒకరోజు తనంతట తానే ఆగిపోయింది. 'ఈ ఎక్స్‌టెన్షన్‌కు ఇకపై సపోర్ట్ లేదు' అంటోంది. ఎందుకు?
— ప్రైవేట్ ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: మీరు వాడింది యూబ్లాక్ ఆరిజిన్ అయి ఉంటుంది. ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు మనం తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, ఎలా పనిచేయాలో చెప్పే నియమావళిని గూగుల్ మార్చింది, కొత్తదాని పేరు మేనిఫెస్ట్ వీ3. పాత పద్ధతిలో పేజీ ఏదైనా తెప్పించుకోబోతే ఎక్స్‌టెన్షన్ మధ్యలో నిలబడి ఒక్కోదాన్నీ పరిశీలించి ఆపేది. కొత్త పద్ధతిలో ముందే ఒక జాబితా రాసి బ్రౌజర్‌కి ఇవ్వాలి, ఆపడం బ్రౌజర్ చేస్తుంది, జాబితాకు పరిమితి ఉంటుంది. 2024, 2025లలో విడతల వారీగా పాతవాటిని ఆపేశారు.

గూగుల్ చెప్పే కారణం భద్రత. అందులో నిజం లేకపోలేదు, ప్రతి పేజీనీ చదవగలిగే అధికారం ఉన్న ఎక్స్‌టెన్షన్లు మోసగాళ్ల చేతికి వెళ్లిన సందర్భాలు ఉన్నాయి. కానీ ప్రకటనల మీద బతికే కంపెనీ, ప్రకటనలను ఆపే సాధనం బలం తగ్గించినప్పుడు ఆ కారణం ఒక్కటే అని నమ్మడం నాకు కష్టం.

ఎక్స్‌టెన్షన్ల మీద నాకు ఇంత పట్టింపు ఎందుకో చెప్పాలి. అన్ని కంప్యూటర్లలోనూ అక్షరాలు ఒకేలా కనిపించేలా చేసే యూనికోడ్ పద్ధతి పూర్తిగా రాకముందు మన తెలుగు పత్రికల సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంట్ వాడేవి. ఆ ఫాంట్ మీ కంప్యూటర్‌లో లేకపోతే వార్తల బదులు అర్థంకాని గుర్తులు కనిపించేవి, కాపీ చేస్తే అదీ గుర్తులే, వెతికితే దొరికేది కాదు. ఆ రోజుల్లో ఫైర్‌ఫాక్స్‌కు పద్మ అనే ఎక్స్‌టెన్షన్ వచ్చి, ఆ ఫాంట్లన్నింటినీ అక్కడికక్కడే యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించింది. ఏ పెద్ద కంపెనీ మన కోసం ఆ పని చేయలేదు. పేజీని వాడుకరి తనకు కావలసినట్టు మార్చుకునే స్వేచ్ఛ బ్రౌజర్ ఇచ్చింది కాబట్టే అది సాధ్యమైంది. చిన్న భాషల వాళ్లకు ఆ స్వేచ్ఛ చాలా అవసరం.

మీకు దారులు మూడు. క్రోమ్‌లోనే ఉంటానంటే యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఉంది, బలం కొంచెం తక్కువ. ఫైర్‌ఫాక్స్‌లో పాతది పూర్తి బలంతో నడుస్తుంది, ఆండ్రాయిడ్ ఫోన్‌లోని ఫైర్‌ఫాక్స్‌లో కూడా. ఎక్స్‌టెన్షన్ల గొడవే వద్దంటే బ్రేవ్‌లో అడ్డుకునే ఏర్పాటు లోపలే ఉంది, జావాస్క్రిప్ట్‌ను సృష్టించిన బ్రెండన్ ఐక్ స్థాపించిన కంపెనీదే అది. ఒక్క కోరిక: మీరు రోజూ చదివే చిన్న తెలుగు సైట్లు ఆ ప్రకటనల మీదే నడుస్తాయి, వాటికి మాత్రం బ్లాకర్ ఆపి ఉంచండి.

ప్రశ్న: చిన్న ట్రావెల్స్ ఆఫీసు నడుపుతున్నాను. మెయిల్స్‌కు జవాబులు రాయడం, టికెట్ల రేట్లు చూడటం, ఫారాలు నింపడం అన్నీ ఏఐ బ్రౌజర్ తనే చేస్తుందట. మా ఎయిర్‌టెల్ నంబర్‌కి పర్‌ప్లెక్సిటీ ప్రో కూడా ఉచితంగా వచ్చింది. వాడొచ్చా?
— ట్రావెల్స్ యజమాని, హైదరాబాద్

జవాబు: వాడండి, కానీ దేనికి వాడాలో, దేనికి వాడకూడదో తెలుసుకుని వాడండి.

ముందు ఎవరెవరు బరిలో ఉన్నారో చెబుతాను. పర్‌ప్లెక్సిటీ 2025 జులైలో కామెట్ తెచ్చింది, మొదట డబ్బు కట్టినవాళ్లకే ఇచ్చి అక్టోబర్‌లో అందరికీ ఉచితం చేసింది. చెన్నైలో పుట్టి ఐఐటీ మద్రాసులో చదివిన అరవింద్ శ్రీనివాస్ దాని అధిపతి. అదే అక్టోబర్ 21న ఓపెన్‌ఏఐ, మ్యాక్‌లకు ముందుగా, చాట్‌జీపీటీ అట్లాస్ విడుదల చేసింది. మైక్రోసాఫ్ట్ తన ఏఐతో ఎడ్జ్‌లో కోపైలట్ మోడ్ పెట్టింది, గూగుల్ క్రోమ్‌లోకి తన ఏఐ జెమినిని తెచ్చింది. వీళ్లంతా బ్రౌజర్ మీదే ఎందుకు పడ్డారంటే, మీ మెయిల్, బ్యాంకు, టికెట్లు, ఆఫీసు ఫైళ్లు, అన్నీ లాగిన్ అయి ఉన్న చోటు అదొక్కటే. ఏఐ మీ తరఫున పని చేయాలంటే మీ లాగిన్‌లు కావాలి.

ప్రమాదం కూడా సరిగ్గా అక్కడే ఉంది. కొత్తగా చేరిన గుమాస్తా కౌంటర్ మీద ఎవరో పడేసిన చీటీని కూడా యజమాని మాటే అనుకుని చేసుకుపోతే ఎలా ఉంటుందో, ఈ ఏఐ అలా ఉంటుంది. మీరు చెప్పిన మాటకూ, తను చదువుతున్న పేజీలో రాసి ఉన్న మాటకూ దానికి తేడా గట్టిగా తెలియదు. 2025 ఆగస్టులో బ్రేవ్ కంపెనీ పరిశోధకులు కామెట్‌తో ఇది చేసి చూపించారు. రెడిట్‌లో ఒక కామెంట్‌లో మనిషి కంటికి కనిపించకుండా దాచిన ఆదేశాలు పెట్టారు. వాడుకరి 'ఈ పేజీ సారాంశం చెప్పు' అన్నాడు, అంతే. ఆ ఏఐ దాచిన ఆదేశాలు పాటించి, వాడుకరి అకౌంట్ ఈమెయిల్ తీసుకుని, ఓటీపీ తెప్పించి, జీమెయిల్ తెరిచి ఆ ఓటీపీ చదివి, రెండూ కలిపి అదే కామెంట్ కింద జవాబుగా పెట్టేసింది. వాడుకరి ఏ లింకూ నొక్కలేదు, ఏ పాస్‌వర్డూ చెప్పలేదు. బ్రేవ్ కూడా పోటీ కంపెనీయే, కాబట్టి చూపించడంలో వాళ్లకూ లాభం ఉంది, కానీ చూపించింది నిజం. అట్లాస్ విడుదలైనప్పుడు ఓపెన్‌ఏఐ భద్రతా అధికారి సైతం ఇది ఇంకా పూర్తిగా పరిష్కారం కాని సమస్యే అని బహిరంగంగా ఒప్పుకున్నారు.

ఇన్నాళ్లూ ఓటీపీ ఎవరికీ చెప్పకండి అని మనవాళ్లకు నేర్పుకున్నాం. మన తరఫున మెయిల్ చదివే యంత్రం తానే చెప్పేస్తే ఆ నేర్పు ఏమీ చేయలేదు. అందుకని మీ ఆఫీసులో ఇలా చేయండి. ఏఐ బ్రౌజర్‌లో బ్యాంకు, యూపీఐ, ఐఆర్‌సీటీసీ, మీ ముఖ్యమైన జీమెయిల్ లాగిన్ చేయొద్దు. వాటికి వేరే బ్రౌజర్ ఉంచండి. అట్లాస్‌లో లాగిన్ లేకుండా ఏజెంట్‌ను (మీ తరఫున పని చేసే ఏఐని) పని చేయించే పద్ధతి ఉంది, దాన్నే వాడండి. అయిదు సైట్లలో హోటల్ రేట్లు పోల్చమనండి, వీసా నిబంధనల పేజీ ఇంగ్లిష్‌లో ఉంటే తెలుగులో వివరించమనండి, కస్టమర్‌కు పంపే జవాబు ముసాయిదా రాయించుకోండి, వీటిలో నిజంగా టైమ్ కలిసొస్తుంది. అయితే పంపే బటన్, డబ్బు కట్టే బటన్ మాత్రం మీ చేత్తోనే నొక్కండి. కస్టమర్ల పాస్‌పోర్ట్ కాపీలు మీ దగ్గర ఉంటాయి కదా, అవి మీ సొంతం కావు, వాళ్లు నమ్మి ఇచ్చినవి. వాటిని వీటి దగ్గరికి రానివ్వకండి.

ప్రశ్న: 4 జీబీ ర్యామ్ లాప్‌టాప్. పది ట్యాబ్‌లు తెరిస్తే మొరాయిస్తోంది. కొత్తది కొనే పరిస్థితి లేదు.
— గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్న అభ్యర్థి, కర్నూలు

జవాబు: కొనక్కర్లేదు. క్రోమ్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ సేవర్ ఉంది, ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ ఉంది. మీరు చూడని ట్యాబ్‌లను ఇవి నిద్రపుచ్చుతాయి, నొక్కితే మళ్లీ తెరుచుకుంటాయి. సబ్జెక్టు వారీగా ట్యాబ్‌లను గ్రూపులుగా పెట్టుకోవడం క్రోమ్‌లో 2020 నుంచే ఉంది, ఫైర్‌ఫాక్స్‌కు 2025లో వచ్చింది, నిలువు ట్యాబ్‌లు కూడా ఆ ఏడాదే. వాడని ఎక్స్‌టెన్షన్లు తీసేయండి, చాలా లాప్‌టాప్‌లలో అసలు బరువు అవే. యూట్యూబ్ క్లాసు నడుస్తుంటే మిగతావి మూసేయండి. పరీక్షలకు ఆల్ ది బెస్ట్.

ప్రశ్న: ఐఫోన్‌లో క్రోమ్ వేసుకున్నాను. సఫారీ కంటే పెద్ద తేడా ఏమీ కనిపించడం లేదు, ఎందుకు?
— సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, డాలస్

జవాబు: తేడా లేకపోవడమే సహజం. ఐఫోన్‌లో ఏ బ్రౌజర్ అయినా లోపల ఆపిల్ వెబ్‌కిట్ ఇంజినే వాడాలన్నది ఆపిల్ నియమం. మీ క్రోమ్ పైన గూగుల్ తొడుగు, లోపల సఫారీ. యూరప్ చట్టం వల్ల 2024 మార్చిలో ఐఓఎస్ 17.4 నుంచి అక్కడ వేరే ఇంజిన్లకు అనుమతి ఇచ్చారు, బ్రౌజర్ ఎంచుకునే స్క్రీన్ కూడా చూపించాలి. అమెరికాలో మీకు అది లేదు.

అన్నీ ఒకరి చేతిలోనే ఉంటే ఏమవుతుందో మన తెలుగువాళ్లకు 2018 ఫిబ్రవరిలో అనుభవమైంది, మీకు గుర్తుండే ఉంటుంది. 'జ్ఞా' అక్షరం మధ్యలో కంటికి కనిపించని ఒక క్యారెక్టర్ చేరిన రూపంలో మెసేజ్ వస్తే ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లలో చాలా యాప్‌లు కుప్పకూలాయి, వాట్సాప్, మెసేజెస్, సఫారీ లాంటివి. అక్షరాలు గీసే భాగం సిస్టమ్‌లో ఒక్కటే కాబట్టి చాలా యాప్‌లు తప్పించుకోలేకపోయాయి. ఫిబ్రవరి 19న 11.2.6తో సరిచేశారు. ప్రపంచమంతా మన అక్షరాన్ని చూసి నవ్వుకుంది, 'తెలుగు బాంబు' అని పంపుకుంది. నాకు మాత్రం కోపం వచ్చింది, కోట్ల మంది రాసుకునే లిపిని సరిగ్గా పరీక్షించకుండా వదిలారని. మీలాంటివాళ్లు ఆ కంపెనీల్లో పనిచేస్తున్నారు కదా, కొత్త వెర్షన్ బీటాలో (అందరికీ ఇవ్వకముందు పరీక్ష దశలో) ఉండగానే గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు కొట్టి చూసి, తేడా ఉంటే బగ్ రిపోర్ట్ పెట్టండి. తెలుగు తెలిసినవాడు పెడితేనే అది వాళ్లకు అర్థమవుతుంది.

ప్రశ్న: ఇంతమంది ఇంజనీర్లున్న దేశం, మనకు సొంత బ్రౌజర్ ఎందుకు లేదు?
— డిగ్రీ లెక్చరర్, కాకినాడ

జవాబు: పేరుకు ఉన్నాయి. బెంగళూరు నుంచి ఎపిక్ 2010లోనే వచ్చింది. జియోస్ఫియర్ ఉంది. జోహో 2023లో ఉలా తెచ్చింది, కేంద్ర ఐటీ శాఖ పెట్టిన బ్రౌజర్ పోటీలో 2025లో మొదటి బహుమతి, కోటి రూపాయలు, జోహోకే వచ్చింది. మన భాషలు, మన డిజిటల్ సంతకాలు చూసుకుని చేసిన పని, తప్పకుండా వాడి చూడండి.

కానీ ఉలా కూడా క్రోమియం మీద కట్టిందే. బ్రౌజర్‌లో అసలు కష్టం లోపలి ఇంజిన్, కోట్ల లైన్ల కోడ్, వారం వారం భద్రతా మరమ్మతులు. ప్రపంచంలోనే నిలబడినవి మూడు: గూగుల్ బ్లింక్, ఆపిల్ వెబ్‌కిట్, మొజిల్లా గెకో. బ్లింక్ కూడా 2013లో వెబ్‌కిట్ నుంచి చీలిందే, వెబ్‌కిట్ కేహెచ్‌టీఎంఎల్ అనే స్వచ్ఛంద ప్రాజెక్టు నుంచి వచ్చింది. అంటే ఇవాళ ఐఫోన్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ నడిచేదాని వేర్లు కొందరు ఔత్సాహికులు ఊరికే రాసిన కోడ్‌లో ఉన్నాయి. ఇప్పుడు లేడీబర్డ్ అనే లాభాపేక్ష లేని సంస్థ మొదటి నుంచి కొత్త ఇంజిన్ రాస్తోంది, మొజిల్లాలో మొదలైన సర్వో లైనక్స్ ఫౌండేషన్ యూరప్ నీడలో సాగుతోంది. రెండూ ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. కోటి రూపాయల బహుమతితో ఇంజిన్ రాదు, ఆ డబ్బుతో మన కాలేజీల పిల్లలను ఏటా కొందరిని ఈ ప్రాజెక్టుల్లో పనికి పెడితే పదేళ్లలో ఇంజిన్ తెలిసిన మనుషులు మనకుంటారు. మీ దగ్గర చదివే పిల్లల్లో సీ++ మీద పట్టు ఉన్నవాళ్లకు లేడీబర్డ్ కోడ్ చూపించండి, మొదట్లో తెలుగు లిపి సరిగ్గా వస్తోందో లేదో పరీక్షించడమే మంచి పని.

ప్రశ్న: మా క్లయింట్ల పని కోసం తెరవాల్సిన ఒక పాత సైట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప తెరుచుకోదు. కొత్త కంప్యూటర్‌లో అది లేదు. ఏం చేయాలి?
— అకౌంటెంట్, గుంటూరు

జవాబు: ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది, ఎక్కడి నుంచో దింపుకుని వేయకండి, వైరస్ తెచ్చుకున్నట్టే. ఎడ్జ్‌లో ఐఈ మోడ్ ఉంది. సెట్టింగ్స్, అందులో డీఫాల్ట్ బ్రౌజర్, అక్కడ ఐఈ మోడ్‌లో సైట్లు తెరవడానికి అనుమతించి, ఎడ్జ్‌ను ఒకసారి మూసి తెరవండి. తర్వాత కింద జాబితాలో ఆ సైట్ అడ్రస్ చేర్చండి. చేర్చిన అడ్రస్ మామూలుగా 30 రోజులే ఉంటుంది, మళ్లీ చేర్చుకోవాలి, నెల మొదట్లోనే ఆ పని చూసుకుంటే రిటర్నుల గడువు రోజున హైరానా ఉండదు. ఐఈ మోడ్‌ను కనీసం 2029 దాకా ఉంచుతామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఆ లోపు సైట్ మార్చమని ఆ ఆఫీసుకు మీ అసోసియేషన్ తరఫున రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక్కరు ఫోన్ చేస్తే కదలరు.